ఆఖరి గుండీ

ఇసుక వేస్తే రాలనంత జనం తిరిగే ఊళ్ళో ఉండి, ఆ జనం మొహం చూడకుండా ఒక మనిషి జీవితం గడిపేయగలదా అని మీకు అనుమానం రావచ్చు. గడిపేయగలదు. గుండీలమ్మ గడిపింది.

సముద్రం ఒడ్డున అంత పెద్ద నగరం. ఎక్కడెక్కడి నుంచో ఓడల్లో, రైళ్ళలో, బస్సుల్లో మనుషులు దిగుతారు. లైట్‌హౌస్ ఎక్కుతారు, అలల్లో కాళ్ళు తడుపుకుంటారు, సముద్రం చూడటానికి వచ్చి సముద్రానికే వీపు పెట్టి ఫొటోలు దిగుతారు. ఆ సముద్రానికి కూతవేటు దూరంలో ఒక పాత మేడ. అందులో పై అంతస్తు. అందులో వెనకవైపు గది. గదికి ఉన్నది ఒకటే కిటికీ. అది కూడా వీధిలోకి కాదు, రెండు మేడల మధ్య గాలి కోసం వదిలిన సందులోకి. చూస్తే ఎదుటి గోడ, గోడ మీద నీళ్ళ గొట్టం, గొట్టం మీద అప్పుడప్పుడు ఒక పావురం. గుండీలమ్మ పెళ్ళయి వచ్చింది ఆ గదికే. కొడుకును పెంచింది అందులోనే. మొగుడు కన్నుమూసింది అందులోనే. తర్వాత పక్క గది కూడా కలుపుకుని ఇల్లు కాస్త పెద్దది చేసుకున్నారు కానీ కిటికీ మాత్రం అదే.

ఆవిడకు అసలు పేరొకటి ఉండేది. అది మొగుడికైనా గుర్తుండేదో లేదో. కింద వీధిలో దర్జీ మేస్త్రి దుకాణం. కత్తిరింపూ మిషను కుట్టూ అక్కడ జరిగేవి. చేత్తో చేయాల్సిన పని మూటగట్టి పైకి పంపేవాడు మేస్త్రి. చొక్కాలకు కాజాలు కుట్టడం, గుండీలు వేయడం ఈవిడ వంతు. మూట మెట్లెక్కి వచ్చేది, మెట్లు దిగి పోయేది. ఆవిడ మాత్రం అక్కడే ఉండేది.

ఆ దుకాణంలో ఒక పాత అలవాటు ఉండేది. చొక్కా అడుగున వచ్చే ఆఖరి గుండీకి మిగిలిపోయిన దారం ముక్కలు వాడేవాళ్ళు. ఎలాగూ ప్యాంటులోకి దోపుకునేదే కదా, దాన్నెవరు చూడొచ్చారు అనేవాడు మేస్త్రి. పైనున్న గుండీల్ని మాత్రం భూతద్దం పెట్టినట్టు చూసేవాడు. నాలుగు కన్నాల గుండీకి దారం రెండు నిలువు గీతల్లా పడాలి, అటూ ఇటూ పోకూడదు. గుండీలమ్మ అలాగే కుట్టేది. ఆఖరి గుండీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం దారాన్ని మూల నుంచి మూలకు దాటించి, కత్తెర తెరిచినట్టు అడ్డంగా వేసేది. ఎందుకమ్మా అంటే ఏం చెబుతుంది? పొద్దస్తమానం ఎదుటి గోడ చూసి విసుగెత్తిన మనిషి ఏదో ఒకటి చేస్తుంది. మేస్త్రి ఒకసారి చూశాడు. చూసి, లోపలికి పోయేదే కదా అనుకుని ఊరుకున్నాడు.

అలా ఎన్ని చొక్కాలు కింద వీధిలోకి దిగాయో, ఎవరి ఒంటి మీద తిరుగుతున్నాయో ఆవిడకు తెలియదు. తెలుసుకోవాలని మాత్రం ఉండేది. తాను కదలకపోయినా తన గుండీలు ఊరంతా తిరుగుతున్నాయన్న ఆలోచన ఆవిడకు ఊపిరాడే సందు.

ఆ సందును కోడలు వచ్చి కాస్త వెడల్పు చేసింది. కోడలు పెద్ద లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తుంది. రోజుకో గుట్ట చొక్కాలు ఆమె చేతికింద నుంచి పోతాయి. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక చొక్కా అంచు సాగదీస్తుంటే ఆఖరి గుండీ అడ్డంగా కుట్టి కనిపించింది. ఇంటికొచ్చి అత్తగారి ముందున్న మూటలో అలాంటిదే చూసి నవ్వేసింది. అప్పటి నుంచి అదొక ఆట అయిపోయింది. సాయంత్రం చెప్పులు విడుస్తూనే, ఇవాళ మీ గుండీ మా దగ్గరికి వచ్చింది అత్తయ్యా, కాలరు అరిగిపోయింది కానీ గుండీ కదల్లేదు అని చెప్పేది. గుండీలమ్మ సూది ఆపి, ఎవరిది, మనిషి ఎలా ఉంటాడు అని అడిగేది. కోడలికి చొక్కా తెలుసు గానీ మనిషి తెలియదు. అక్కడితో మాట ఆగిపోయేది.

ఇంతకీ ఆవిడ కిందికి దిగి చూడొచ్చుగా, కాళ్ళకేమైనా గొలుసులు వేశారా అంటారేమో. గొలుసుల్లేవు. అంతకంటే గట్టిది ఉంది. ఆ ఇంట్లో ఒక కథ ఉంది.

పెళ్ళయి వచ్చిన వారంలోనే మొగుడు ఆవిడను సముద్రం చూపించడానికి తీసుకెళ్ళాడట. సెలవురోజు సాయంత్రం, ఒడ్డంతా జనం. ఆ తొక్కిడిలో చెయ్యి జారిపోయిందట. కొత్త ఊరు, కొత్త పిల్ల. పొద్దుగూకేదాకా మొగుడు పిచ్చివాడిలా వెతికితే ఎట్టకేలకు దొరికిందట. ఆ రోజు నుంచి ఆవిడకు గుంపంటే గుండె ఆగిపోతుందట. ఇదీ కథ. మొగుడు రేవులో గోడౌన్ కాపలాదారు. తాళం వేశాక మళ్ళీ మళ్ళీ లాగి చూసుకునే రకం. సముద్రం చూద్దామని ఆవిడ ఎప్పుడైనా అంటే, ఇప్పుడు జనం ఎక్కువ, తగ్గాక వెళ్దాం అనేవాడు. ఆ ఊళ్ళో జనం తగ్గేదెప్పుడు, వీళ్ళు వెళ్ళేదెప్పుడు? సరుకులు ఆయనే తెచ్చేవాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే వెనక సందులోంచి తీసుకెళ్ళి వెనక సందులోంచి తెచ్చేవాడు. కట్టుకున్నదాన్ని కంటికి రెప్పలా చూసుకున్నాడని చుట్టుపక్కల వాళ్ళు మెచ్చుకునేవారు. రెప్ప మూసుకునే ఉంటే కంటికి ఏం కనిపిస్తుందని ఒక్కరూ అడగలేదు.

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? కొడుకూ తండ్రిలాగే తయారయ్యాడు. పైగా వాడి ఉద్యోగం ఊరు చూపించే బస్సు నడపడం. రోజూ జనంలో పడి నలిగి నలిగి, జనాన్ని తప్పించుకోవడంలో ఆరితేరాడు. లైట్‌హౌస్‌కి ఏ వేళ వెళ్ళాలి, మ్యూజియానికి ఏ గుమ్మంలోంచి దూరాలి, ఒడ్డుకు ఏ సందులోంచి చేరాలి అన్నీ వాడికి కంఠతా వచ్చు. అందరూ పొద్దున చూసేది వాడు మధ్యాహ్నం చూపిస్తాడు, అందరూ ముందు నుంచి వెళితే వాడు వెనక నుంచి తీసుకెళతాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని తోటి డ్రైవర్లు వాడికి ఉలిపికట్టె అనే పేరు పెట్టారు. ఆ పేరంటే వాడికి మహా గర్వం. మా అమ్మకి గుంపంటే ప్రాణం పోతుంది, ఈ విద్య నాకు ఇంట్లోనే అబ్బింది అని వచ్చిన ప్రయాణికులందరికీ చెప్పుకునేవాడు.

అమ్మకు ఊరు చూపించాలన్న కోరిక మాత్రం వాడికీ ఉండేది. సరైన రోజు కుదరలేదు, అంతే.

కుదర్చాల్సి వచ్చింది. గుండీలమ్మ ఈమధ్య గడప దగ్గర భుజం కొట్టుకోవడం, పక్కనే ఉన్న కత్తెర కోసం ఇల్లంతా తడుముకోవడం కోడలు గమనించింది. సూదిలో దారం మాత్రం ఒక్క పోటులో ఎక్కించేది, అందుకే కళ్ళకు జబ్బుందని ఎవరికీ తట్టలేదు. కోడలు పట్టుబట్టి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. నీటికాసులు అని తేలింది. చూపు చుట్టూ అంచుల నుంచి లోపలికి మూసుకుంటూ వస్తుంది, పోయింది తిరిగి రాదు, చుక్కలు వేసుకుంటే మిగిలింది కొంతకాలం నిలవొచ్చు, ఎంతకాలమో చెప్పలేం అంది డాక్టరమ్మ. గుండీలమ్మకు ఆశ్చర్యం వేయలేదు. ఆవిడకు లోకం చాలాకాలంగా గొట్టంలోంచి చూసినట్టే కనిపిస్తోంది. ఒక మొహం కనిపిస్తే పక్క మొహం కనిపించదు. గది కిటికీ చూసి చూసి కళ్ళు కూడా దాని కొలతకే వచ్చేశాయి అనుకుంది.

కొడుకు ఆ రోజు అన్నం ముట్టలేదు. మర్నాడు లేచి, అమ్మకు ఊరు మొత్తం చూపిస్తాను, అది కూడా ఒక్క మనిషి అడ్డం లేకుండా చూపిస్తాను అన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. ఆ ఇంట్లో చెప్పుకునే కథ ఉంది చూశారూ, అందులో సముద్రం నిజం, జనం నిజం, మొగుడు పిచ్చివాడిలా వెతకడం నిజం. చెయ్యి జారిపోవడం మాత్రం అబద్ధం.

ఆ సాయంత్రం మొగుడు ఆవిడ చెయ్యి ఉడుం పట్టు పట్టుకుని నడుస్తున్నాడు. చెమట తుడుచుకోవడానికి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకోబోయాడు. ఆ రెప్పపాటులో, కొత్త పెళ్ళికూతురు, తన చెయ్యి వెనక్కి తీసేసుకుంది. ఎందుకో అప్పుడు తెలియదు. జనం తోసుకుపోతుంటే వాళ్ళతోపాటు పోయింది. ఎవరో ఒకావిడ పగలబడి నవ్వుతోంది, ఎవరి భుజం మీదో పసివాడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు, ఇద్దరు ముసలాళ్ళు ఒకే బెంచీ కోసం పోట్లాడుకుంటున్నారు. ఎవరికీ ఆవిడ ఎవరో తెలియదు. ఎవరి కూతురివి, ఎవరి కోడలివి, ఎక్కడికి పోతున్నావు అని అడిగిన పాపాన పోలేదు. వీధిదీపాలు వెలిగేదాకా అలా నడుస్తూనే ఉంది. అంత సుఖం ఆవిడ పుట్టాక ఎరగదు. చివరికి పోలీసు బూత్ దగ్గర మొగుడు కనిపించాడు. టోపీ చేతిలో పట్టుకుని, అంత మనిషి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఆవిడ గుండె కరిగిపోయింది. తప్పిపోయాను అంది. ఆ ఒక్క మాటకు ఆయన తాళం వేశాడు, మళ్ళీ మళ్ళీ లాగి చూసుకున్నాడు, ఆవిడ లోపల ఉండిపోయింది.

చూపు మూసుకుపోయేలోగా ఆ గుంపులో ఇంకొక్కసారి నడవాలి. ఆవిడకు కావలసింది అదొక్కటే. ఒడ్డున గాలికి మగవాళ్ళు చొక్కాలు బయటికి లాగి వదిలేస్తారని కోడలు చెప్పింది. అక్కడైతే ఆఖరి గుండీలు కూడా కనిపిస్తాయి. కానీ అడగడం ఎలా? నాకు గుంపంటే భయం లేదంటే, మరి ఆ రోజు ఏమైంది అంటారు. మీ నాన్న చెయ్యి నేనే వదిలేశానని, తండ్రి ఫొటోకి రోజూ దండం పెట్టుకునే కొడుక్కి ఏ నోటితో చెబుతుంది? నోటిదాకా వచ్చిన మాటను ఆవిడ ఎన్నోసార్లు మింగేసింది.

ఇటు కొడుకు తన విద్యంతా చూపించడం మొదలుపెట్టాడు. తెల్లవారగానే లైట్‌హౌస్‌కి తీసుకెళ్ళాడు. గేటు కాపలాదారు వీడి స్నేహితుడు, అందరికంటే ముందే తలుపు తీశాడు. పైనుంచి చూస్తే పొగమంచులో సముద్రమూ లేదు, ఊరూ లేదు. కానీ చూడమ్మా, నరమానవుడు లేడు అన్నాడు కొడుకు సంబరంగా. బాగుంది నాయనా అంది గుండీలమ్మ. కుండపోత వానలో మ్యూజియానికి తీసుకెళ్ళాడు. గదుల నిండా గాజుపెట్టెలు, గాజుపెట్టెల నిండా చచ్చిపోయిన వాళ్ళ సామాన్లు. ఆవిడ వాటిని వదిలేసి, మూలన కునుకు తీస్తున్న కాపలా మనిషినే కళ్ళప్పగించి చూసింది. వాడి చొక్కా ప్యాంటులోకి నున్నగా దోపి ఉంది. గాజు తొట్లలో రంగురంగుల చేపల్ని చూపించే చేపల బంగళాకి మధ్యాహ్నం భోజనాల వేళ తీసుకెళ్ళాడు. తొట్లు కడుగుతున్నారు, చేపలు కూడా లేవు. జనం లేకుండా చూపిస్తానన్నాడు, చేపలు లేకుండా కూడా చూపించాడు. బాగుంది నాయనా అంది. ఒడ్డుకు ఎర్రటి ఎండలో తీసుకెళ్ళాడు. ఇసుక కాలిపోతోంది, అలలు ఎవరి కోసమో వచ్చి ఎవరూ లేరని వెళ్ళిపోతున్నాయి. వాడు గొడుగు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు, చెయ్యి వదల్లేదు. ఆ అరచెయ్యి అచ్చం వాళ్ళ నాన్నదే.

ఇంటికి వచ్చాక ప్రతిసారీ వాడు అడిగేవాడు, ఎలా ఉందమ్మా అని. వాడి మొహం చూస్తే ఇంకోమాట ఎలా వస్తుంది? కన్నకొడుకు బస్సు సెలవు పెట్టి, నలుగురిని బతిమాలి, ప్రేమగా తెచ్చి పెట్టిన ఖాళీ గదులు అవి. కటికవాడైతే తిట్టి బయటపడవచ్చు. మంచివాడి చేతిలో చిక్కితే ఏం చేస్తాం.

ఒకరోజు కొడుకు లేని సమయం చూసి కోడలు పక్కన కూర్చుంది. మొహమాటం తెలియని పిల్ల.

"అత్తయ్యా, నిజం చెప్పండి. మీకు గుంపంటే భయమేనా?"

గుండీలమ్మ చేతిలో సూది ఆగింది. తర్వాత మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. అవుననలేదు, కాదనలేదు. కోడలు ఇంకేమీ అడగకుండా లేచి వెళ్ళి పొయ్యి వెలిగించింది.

ఆ తర్వాత కొద్దిరోజులకు పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్ వచ్చింది. ఊరంతా ఆ మాటే. ఉలిపికట్టె బుర్ర పాదరసంలా పనిచేసింది. ఆ సాయంత్రం ఒక్కడూ ఇంట్లో టీవీ ముందు నుంచి కదలడు, ఒడ్డు ఖాళీగా ఉంటుంది, అమ్మకు సూర్యాస్తమయం చూపించడానికి ఇంతకంటే మంచి రోజు దొరకదు అన్నాడు. తన తెలివికి తానే మురిసిపోయాడు. కోడలు నోరు తెరవబోయి మూసుకుంది. బయల్దేరేటప్పుడు మాత్రం అత్తగారి కళ్ళజోడు తీసుకుని తన కొంగుతో శుభ్రంగా తుడిచి పెట్టి, బాగా చూసి రండి అత్తయ్యా అంది. తాను రానని, ఇస్త్రీ పని ఉందని చెప్పింది.

వాళ్ళు పడవలు బాగుచేసే షెడ్ల వెనక నుంచి, చేపల వలలు ఆరేసిన సందులోంచి, కొడుక్కి మాత్రమే తెలిసిన దారిన నడిచారు. సందు మలుపు తిరిగేసరికి హోరుమని శబ్దం వినిపించింది. అల అనుకుంది గుండీలమ్మ. కాదు. ఒడ్డు మీద ఇల్లంత తెర కట్టి మ్యాచ్ వేస్తున్నారు. టీవీల ముందు ఉండాల్సిన ఊరంతా అక్కడే ఉంది. ఎవరూ రాని దారి కదా అని వాడు వెతికిపట్టుకున్న సందు వాళ్ళను తిన్నగా తెచ్చి గుంపు నడుమ పడేసింది. వెనక్కి తిరుగుదామంటే అప్పటికే ఇంకో వంద మంది ఆ సందు కనిపెట్టారు.

కొడుకు మొహంలో నెత్తురు చుక్క లేదు. భయపడకమ్మా, నేనున్నాను, నా చెయ్యి వదలకు అంటూ వేళ్ళు విరిగేలా పట్టుకున్నాడు. వాడి చెయ్యి వణుకుతోంది. గుండీలమ్మ చెయ్యి వణకడం లేదు. ఆ సంగతి వాడు గమనించలేదు. భుజంతో తోసుకుంటూ, తప్పుకోండి, పెద్దావిడ ఉంది తప్పుకోండి అని అరుచుకుంటూ లాక్కుపోతున్నాడు. తెర మీద ఎవరో గోల్ కొట్టారు. అన్ని చేతులూ ఒక్కసారి పైకి లేచాయి. ఒక లావుపాటి మనిషి గంతేసి వీళ్ళ మధ్య పడబోయాడు. కొడుకు అతన్ని ఆపడానికి, అమ్మ చేతిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకోబోయాడు.

గుండీలమ్మ చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

ఆవిడకు పక్కవైపు ఏదీ కనిపించదు. ముందున్నది మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. ఒక్కొక్క మొహమే ఆ గొట్టంలోకి వచ్చి, నవ్వి, అరిచి, పక్కకు తప్పుకుంటోంది. బుగ్గకు రంగు పూసుకున్న పిల్ల. దవడలు బిగించుకుని తెర చూస్తున్న తాతగారు. ఆటతో పనిలేకుండా ఒకరినొకరు చూసుకుంటున్న జంట. ఆవిడకు కళ్ళ నీళ్ళు వచ్చాయి, గబగబా తుడిచేసుకుంది, చూపు వృథా అవుతుందని. గాలికి చొక్కాలు ఎగురుతున్నాయి. ఆవిడ వంగి వంగి ఒక్కో అంచూ చూసుకుంటూ నడిచింది. మిషను గుండీలు, మిషను గుండీలు, ఊడిపోయిన గుండీలు. మనుషులు వింతగా చూశారు. ఏమన్నా పారేసుకున్నావా అమ్మా అని ఒకావిడ అడిగితే, లేదమ్మా వెతుక్కుంటున్నా అంది.

ఒక వెలిసిపోయిన గళ్ళ చొక్కా దగ్గర ఆగిపోయింది. మనిషి ముప్ఫై ఏళ్ళవాడు, వేరుశనగలు నములుతున్నాడు. చొక్కా వాడి ఒంటికి పెద్దది, ఎవరో పెద్దవాళ్ళది అయి ఉంటుంది. అడుగున గుండీ అడ్డంగా, మూల నుంచి మూలకు, ఆవిడ కుట్టినట్టే ఉంది. దారం కూడా కదల్లేదు. ఈ చొక్కా ఎవరిదని అడిగింది. మా నాన్నదండీ, ఆయన పోయాక అప్పుడప్పుడు నేను వేసుకుంటుంటాను అన్నాడు వాడు నవ్వి. ఈ గుండీ నేనే కుట్టాను నాయనా అంది. వాడు గుండీ వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. నమ్మాడో లేదో గానీ గుప్పెడు వేరుశనగలు ఆవిడ చేతిలో పోశాడు.

అప్పుడే మైకులో అరుపు వినిపించింది. బూడిదరంగు శాలువా కప్పుకున్న పెద్దావిడ తప్పిపోయిందనీ, చూపు సరిగా ఆనదనీ, గుంపంటే భయపడే మనిషనీ, ఎవరికైనా కనిపిస్తే జాగ్రత్తగా పోలీసు బూత్ దగ్గరికి తీసుకురమ్మనీ. గళ్ళ చొక్కావాడు శాలువా చూసి, వేరుశనగలు తింటున్న ఆవిడ మొహం చూసి, మీరేనా అండీ అని అనుమానంగా అడిగాడు. శాలువా నాదేనయ్యా అంది గుండీలమ్మ. పద, ఆ బూత్ దగ్గరికి దారి చూపించు అని వాడి చొక్కా వెనకే నడిచింది.

బూత్ పాతదే, రంగు మాత్రం మార్చారు. కొడుకు దాని మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నెత్తి మీద జుట్టు నెరుస్తున్న మనిషి, ఊరందరికీ దారి చెప్పే మనిషి, మోకాళ్ళ మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. గుండీలమ్మ ఆగిపోయింది. గొట్టంలో వాడొక్కడే కనిపిస్తున్నాడు. ఏమనాలో నోటికి తయారుగా ఉంది. ఆ ఒక్క మాట అంటే చాలు, వాడు లేచి చెయ్యి పట్టుకుంటాడు, వెనక సందులోంచి ఇంటికి తీసుకెళతాడు, కిటికీ పక్కన కూర్చోబెడతాడు.

వాడు తలెత్తి చూసి, పరుగున వచ్చి రెండు చేతులతో పట్టుకున్నాడు. తప్పిపోయావనుకున్నానమ్మా, భయపడ్డావా, ఎవరన్నా తోశారా అని ఊపిరి తీయకుండా అడిగాడు.

"తప్పిపోలేదురా. వదిలేశాను."

వాడికి అర్థం కాలేదు. చెయ్యి జారింది కదమ్మా అన్నాడు.

"జారలేదు. నేనే తీసేసుకున్నా. మీ నాన్నతో వచ్చినప్పుడూ అంతే."

కొడుకు చేతులు సడలిపోయాయి. వాడు ఆవిడ మొహంలోకి చూసి, ఆవిడ గుప్పిట్లో వేరుశనగల వైపు చూసి, మళ్ళీ మొహంలోకి చూశాడు. వెనక జనం మళ్ళీ హోరెత్తారు.

"మరి ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీ నాన్న ఏడుస్తున్నాడురా. ఏడ్చే మనిషికి ఏం చెప్పను? ఇప్పుడు నువ్వూ ఏడుస్తున్నావు. అయినా చెబుతున్నా. నాకు ఇంకో అవకాశం లేదు."

వాడు మెట్టు మీద కూలబడ్డాడు. ఆవిడ వాడి తల నిమిరింది, జుట్టు సర్దింది. వాడి మీద జాలి వేసింది, మొగుడి మీద కూడా వేసింది, తన మీద అంతకంటే ఎక్కువ వేసింది. ఈసారి ఆ జాలి దగ్గర ఆగిపోలేదు. ఇంకా వెలుగుంది, ఇంకాసేపు తిరిగి వస్తా, నువ్విక్కడే కూర్చుంటే కూర్చో అంది.

తెర మీద ఆట ఉందని ఇంట్లో కోడలికి ముందే తెలుసు. ఒడ్డున పెద్ద తెర మీద మ్యాచ్ అని వీపున అచ్చేసిన, ఆ తెర కట్టే వాళ్ళ చొక్కాలన్నీ వారం కింద ఆమే ఇస్త్రీ చేసింది. ఆ సంగతి వాడికి తర్వాత తెలిసింది, తెలిసి రెండు రోజులు పెళ్ళాంతో మాట్లాడలేదు. అప్పటికి మాత్రం వాడికి తెలిసింది ఒక్కటే. అమ్మ వెళుతోంది. వాడు లేచి, అలవాటుగా చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి సగంలో ఆపి జేబులో పెట్టుకున్నాడు.

గుండీలమ్మ గుంపులోకి నడిచింది. కొడుకు నాలుగడుగుల వెనక, మాట్లాడకుండా, పట్టుకోకుండా, ఆ బూడిదరంగు శాలువా మీద నుంచి చూపు తిప్పకుండా నడిచాడు. ఆవిడకు పక్కనున్నదీ వెనకున్నదీ కనిపించదు. అందుకని ఆవిడ మటుకు ఆవిడ ఒక్కతే వెళుతోంది.